అక్క నమిలిన అంగుళం

"భుజం పదహారు," అంది అమ్మ, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు బిగించి.

చిన్న కూతురు కొలతల పుస్తకంలో భుజం ఎదురుగా పదిహేను అని రాసింది.

"చెయ్యి ఇరవై రెండు."

ఇరవై ఒకటి అని రాసింది.

ఆ పిల్లని ఇంట్లో అందరూ సగం అనే పిలుస్తారు. మాటలు వచ్చిన కొత్తలో ఎవరి చేతిలో ఏది కనబడినా "అందులో సగం నాది" అని చెయ్యి చాపేదట. లారీ నడిపే నాన్న వారానికోసారి ఇల్లు చేరి ఎవరికో ఒకరికి పేరు పెట్టి పోతుంటాడు. అలా పెట్టిన పేరే ఇది. పదిహేనేళ్ళు నిండినా వదల్లేదు.

అమ్మ బట్టలు కుడుతుంది. ముందు గదిలో కత్తిరింపు బల్ల, కిటికీ పక్కన కుట్టుమిషను, తలుపు వెనక నిలువుటద్దం. కొలతలు తీసేటప్పుడు అమ్మ చెప్పాలి, సగం రాయాలి. బడికి వెళ్ళే ముందు, వచ్చాక, సెలవు రోజుల్లో పొద్దున్నే, ఇది దాని పని. ఈ శనివారం పొద్దున ఆసుపత్రి నర్సమ్మ తెల్లకోటు కుట్టించుకోవడానికి వచ్చి అద్దం ముందు చేతులు చాచి నిలబడింది.

ఆ పిల్ల చెయ్యి రాస్తూనే ఉంది గానీ బుర్ర అక్కడ లేదు. గురువారం నుంచీ దాని బుర్రలో ఒకే అంకె తిరుగుతోంది. పదకొండు. పళ్ళు తోముకుంటుంటే పదకొండు, అన్నం కలుపుకుంటుంటే పదకొండు. ముద్ద గొంతు దిగడం లేదు.

గురువారం పరీక్ష అయింది. మామూలు పరీక్ష అయితే ఇంత బెంగ ఉండదు. దాని బడిలో తొమ్మిదో తరగతి దాకా అందరికీ ఒకటే లెక్కలు. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. లెక్కల గది గోడ మీద ఆ దారుల పటం ఒకటి ఉంది, మెట్ల బొమ్మలా గీసింది. ఎడమ వైపు మెట్లు వాడుక లెక్కలు: శాతాలు, కొలతలు, పట్టికలు. రెండు మెట్లు ఎక్కగానే చదునుగా ఒక అరుగు వచ్చి ఆగిపోతుంది. కుడి వైపువి పై లెక్కలు. పదిలో బీజగణితం, పదకొండులో త్రికోణమితి, పన్నెండులో కలనగణితం, ఆ పైన ఒక తలుపు. ఎడమ అరుగు మీద ఎవరో పెన్సిలుతో చిన్న కుర్చీ గీసి "ఇక కూర్చోండి" అని రాశారు. ఎన్నిసార్లు చెరిపించినా వారం తిరిగేసరికి కుర్చీ మళ్ళీ వచ్చేస్తుంది.

ఎడమ అరుగు నుంచి కుడి మెట్ల మీదికి దారి లేదు. ఒకసారి అటు పడ్డవాళ్ళు అటే.

సగానికి ఇళ్ళ నక్షాలు గీసే చదువు చదవాలని కోరిక. అమ్మ కాగితం మీద కోటు గీస్తే చదునైన కాగితంలోంచి మనిషి భుజం లేచి నిలబడటం చిన్నప్పటి నుంచీ చూసింది. అలాగే గోడలు లేపాలని దాని ఆశ. ఆ చదువుకి త్రికోణమితి లేనిదే గుమ్మం ఎక్కనివ్వరు. త్రికోణమితికి పై లెక్కలు కావాలి. పై లెక్కలకి ఈ గురువారం పరీక్ష కావాలి. సోమవారం పొద్దున్న లెక్కల గది తలుపుకి పేర్ల జాబితా అంటిస్తారు. ఈ రోజు ఒంటిగంట దాకా లెక్కల మాస్టారు బడిలోనే కూర్చుని పేపర్లు దిద్దుతారు.

ఆ పరీక్షలో మూడో లెక్క రాలేదు. ఒక త్రిభుజం మూడు భుజాలూ ఇచ్చి అది లంబకోణ త్రిభుజం అని చూపించమన్నారు. ఏడో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు. రెండు చిన్న భుజాల వర్గాలు కలిపితే పెద్ద భుజం వర్గం రావాలి. తనకి నూట ఎనభై అయిదు వచ్చింది. రావలసింది నూట తొంభై ఆరు. పదకొండు తక్కువ. మళ్ళీ చేసింది. మళ్ళీ పదకొండే. ఎనిమిది ఎనిమిదులు ఎంతో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. చమట పట్టి కలం జారింది. దాని మీదే ముప్పావుగంట పోయింది. గంట కొట్టేలోపు మిగతా లెక్కలు ఏదో రాశాననిపించి ఇచ్చేసింది.

"ఛాతీ నలభై," అంది అమ్మ.

సగం ముప్ఫై తొమ్మిది రాసింది.

నర్సమ్మ అద్దంలోంచి పుస్తకం వైపు చూసింది. ఆవిడ కళ్ళు చురుకైనవి. ఆసుపత్రిలో ఎవరు ఏ చీటీ రాసినా మంచం పక్కన ఒకసారి తిరగేసి చూసుకునే మనిషి.

"అదేమిటమ్మాయ్, మీ అమ్మ నలభై అంటే నువ్వు ముప్ఫై తొమ్మిది వేశావు?"

సగం తల ఎత్తి తెల్లమొహం వేసింది. ఏం అడుగుతున్నారో ఒక క్షణం దానికి అర్థం కాలేదు.

"రాతలో సన్నబడితే ఒంట్లో సన్నబడతానా? అలాగైతే చెప్పు, రోజూ వచ్చి నిలబడతా," అని నవ్వింది నర్సమ్మ.

అమ్మ నోట్లోని సూదులు తీసి మణికట్టుకి కట్టుకున్న మెత్తలో గుచ్చింది. ఈ కథ చెప్పడమంటే ఆవిడకి సరదా.

"అది మా ఇంటి లెక్కండీ. ఇదిగో, ఈ టేపు చూడండి. కొస ఏదీ? మా పెద్దది పళ్ళు వచ్చే వయసులో మిషను కింద పాక్కుంటూ వెళ్ళి నమిలేసింది. కొసనుండే ఇత్తడి ముక్క దాని నోట్లోంచి తీసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. చివికిన ముక్క కత్తిరించి పారేస్తే ఒకటి అంకె దగ్గర్నుంచే మిగిలింది. అంటే ఈ టేపు మీద ఎంత చదివినా అందులో అంగుళం తీసెయ్యాలి. అందుకే ఆ పిల్లకి వాళ్ళ నాన్న అంగుళం అని పేరు పెట్టాడు."

"ఇంకెన్నాళ్ళమ్మా ఆ కథ? నాకు మనవలు పుట్టాక కూడా చెబుతావా?" అని లోపలి గదిలోంచి అక్క గొంతు వినిపించింది. అక్క చెప్పుల దుకాణంలో పని చేస్తుంది. పదకొండింటికి వెళ్ళాలి. అప్పుడే తలస్నానం చేసి జుట్టు చిక్కు తీసుకుంటోంది.

"కొత్త టేపు కొనుక్కోవచ్చుగా?" అంది నర్సమ్మ.

"కొన్నాను, ఆ సొరుగులోనే పడుంది. దాంతో మొదటి రోజే ఒక చొక్కా పాడుచేశాను. నా చేతికి ఇదే అలవాటైపోయింది. నేను టేపు మీద ఉన్నది ఉన్నట్టు పైకి చెబుతాను, పిల్లలు ఒకటి తగ్గించి రాస్తారు. తీసివేతలు బాగా వస్తాయి కదా అని చిన్నప్పుడే నేర్పాను. మా సగమైతే ఆలోచించను కూడా ఆలోచించదు. నిద్రలో లేపి ఇరవై అని చెప్పండి, పందొమ్మిది రాసి మళ్ళీ పడుకుంటుంది."

సగం చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

పరీక్షలో మాస్టారు కూడా కొలతలు అలాగే పైకి చెప్పారు. అది ఆ బడి ఆనవాయితీ. పరీక్ష కాగితంలో బొమ్మలు ఉంటాయి, కొలతలు ఉండవు. పాత పేపర్లు చూసి జవాబులు బట్టీ కొట్టకుండా, కొలతలు మాస్టారే నోటితో చెబుతారు. బల్లల మధ్య నడుస్తూ ఒక్కొక్కటి రెండేసి సార్లు. "చెవితో విని రాయలేనివాడు రేపు పనిలోకి వెళ్ళి ఏం కొలుస్తాడు?" అంటారు. ఏడాది పొడుగునా తరగతిలో బోర్డు మీదే రాస్తారు. పరీక్ష రోజు ఒక్కటే ఇలా.

మాస్టారు చెబుతుంటే వినడం గుర్తుంది. అంకెలు రాసుకోవడం మాత్రం గుర్తు లేదు. భయానికి గుండె దడదడలాడుతుంటే చెయ్యి దాని మానాన అది రాసుకుపోయింది.

పుస్తకం బల్ల మీద పడేసి సంచీ దగ్గరికి పరుగెత్తింది. పరీక్ష కాగితం మడత విప్పింది. జవాబుల కాగితాలు మాస్టారి దగ్గరే ఉన్నా, బొమ్మల కాగితం ఇంటికి తెచ్చుకోనిచ్చారు. మూడో బొమ్మ మీద దాని చేతిరాతే ఉంది. ఎనిమిది, పదకొండు, పధ్నాలుగు.

ఒక్కొక్కదానికి ఒకటి కలిపింది. తొమ్మిది, పన్నెండు, పదిహేను.

ఎనభై ఒకటి, నూట నలభై నాలుగు. కలిపితే రెండు వందల ఇరవై అయిదు. పదిహేను పదిహేనులు రెండు వందల ఇరవై అయిదు.

రెండు రోజులుగా గొంతులో అడ్డం పడ్డ పదకొండు దిగిపోయినట్టయింది. మరుక్షణం మిగతా బొమ్మల వైపు చూసింది. ఒక్క మూడో లెక్కే కాదు. మాస్టారు కొలతలు చెప్పిన లెక్కలు ఆరు. ఆరింటికీ ఒకటి తగ్గించే రాసి ఉంటుంది. గోడ పొడవు, తొట్టి లోతు, నిచ్చెన ఎత్తు, అన్నీ.

"అమ్మా," అంది. కాగితం ముందుకి చాపింది.

అమ్మ ఇటు తిరిగింది. "ఏమయిందే? మొహం అలా పాలిపోయిందేం?"

సగం చెప్పింది. ముందు గొణిగింది, తర్వాత గబగబా చెప్పేసింది. నర్సమ్మ చాచిన చేతులు మెల్లగా దించేసింది. అమ్మ ఆ కాగితం వైపు చూసి, మెడలో వేలాడుతున్న టేపు వైపు చూసుకుంది.

"అయితే ఇప్పుడే వెళ్ళి మాస్టారుకి చెప్పు," అంది అమ్మ.

"ఏమని చెప్పను? మా అమ్మ టేపు పొట్టిదండీ, అందుకే లెక్కలన్నీ తప్పు చేశానండీ అని చెప్పనా?"

"నిజమే కదే!"

"నిజమైతే మాత్రం? పోయినేడు ఒకమ్మాయి జ్వరమని చీటీ తెస్తేనే ఆయన ఒప్పుకోలేదు. కాగితం చేతికిచ్చాక మాట ఉండదంటారు. ఇది వింటే తరగతి మొత్తానికి చెప్పి నవ్విస్తారు."

నర్సమ్మ సంచీ భుజాన వేసుకుంది. "నవ్వితే నవ్వనీ. మా దగ్గర ఇలాంటిది జరిగితే ముందు పరుగెత్తి చెప్పినవాళ్ళే బాగుపడతారు. దాచుకుంటే ముదురుతుంది." గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. "నా కోటు మాత్రం జాగ్రత్తమ్మా. దాంట్లో ఇంకో అంగుళం తగ్గించకండి. మంగళవారం వస్తా."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ వెళ్ళిపోయింది.

గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది. సగం కిటికీ దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చింది. మాస్టారు పేపర్లు దొంతర పెట్టుకుని ఒక్కొక్కటే ముందుకి జరుపుకుంటూ ఉంటారు. తన పేపరు పైన ఉందో అడుగున ఉందో. ఇప్పటికే ఎర్ర సిరా పడిపోయిందేమో. వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు, ఉండటానికి ప్రాణం ఒప్పడం లేదు.

"ఎంత తక్కువొచ్చింది?"

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. తడి జుట్టులో దువ్వెన గుచ్చింది గుచ్చినట్టే ఉంది.

"ఏంటక్కా?"

"ఆ త్రిభుజం లెక్కలో. ఎంత తక్కువొచ్చింది?"

"పదకొండు."

అక్క దువ్వెన తీసి బల్ల మీద పెట్టింది. లోపలికి వెళ్ళింది. మంచం కింద నుంచి రేకుపెట్టె ఈడ్చిన చప్పుడు, దాని మూత కిర్రుమన్న చప్పుడు. అమ్మా, సగమూ మొహమొహాలు చూసుకున్నారు.

మూడేళ్ళ కిందట అక్క ఇదే పరీక్ష రాసింది. జాబితాలో పేరు రాలేదు. మొదట్నుంచీ తరగతిలో మొదటి నలుగురిలో ఉండే పిల్ల ఒక్క రోజులో ఎలా బోర్లా పడిందో ఎవరికీ తెలియలేదు. ఆ వారమే అమ్మ కొలతల పుస్తకం అక్క చేతిలోంచి తీసి సగం చేతిలో పెట్టింది. అక్క వాడుక లెక్కల్లోకి పోయింది, రెండేళ్ళు శాతాలు చేసింది, బయటికొచ్చి చెప్పుల దుకాణంలో పొట్టి పీట మీద కూర్చుని వచ్చినవాళ్ళ పాదాలు కొలుస్తోంది. "మా పెద్దదానికి లెక్కలు తలకెక్కవండీ, చిన్నది మాత్రం గట్టిది," అని అమ్మ వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. అక్క లోపలి నుంచి వింటూ, "టేపుతో పాటు బుర్ర కూడా నమిలేశానుగా," అని తనే నవ్వేది. ఆ నవ్వుకి ఇల్లంతా అలవాటు పడిపోయింది.

అక్క ఒక కాగితం తెచ్చి కత్తిరింపు బల్ల మీద, నర్సమ్మ కోటు బట్ట పక్కన పరిచింది. మడతల దగ్గర చిరుగులు పట్టిన జవాబుల కాగితం. తప్పినవాళ్ళ పేపర్లు తిరిగి ఇచ్చేస్తారు. దీన్ని చింపి పొయ్యిలో వేశానని అక్క అప్పట్లో అమ్మకి చెప్పింది.

పైన ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని ఉంది. కింద మూడో లెక్క. ఆరు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ముప్ఫై ఆరు, అయిదు వందల ఇరవై తొమ్మిది, కలిపితే అయిదు వందల అరవై అయిదు. రావలసింది అయిదు వందల డెబ్భై ఆరు. దాన్ని నాలుగుసార్లు కొట్టేసి నాలుగుసార్లు చేసింది. పక్కన అంచులో, చిన్న అక్షరాలతో, రాసి కొంత చెరిపేసిన మాట: "పదకొండు ఎక్కడ?"

సగం గబుక్కున ముందుకి వంగింది. పెన్సిలు తీసి ఆ అంకెల పైన ఒక్కొక్కటి కలిపి వేసింది. ఏడు, ఇరవై నాలుగు, ఇరవై అయిదు. వర్గాలు కట్టింది. నలభై తొమ్మిది, అయిదు వందల డెబ్భై ఆరు. మొత్తం ఆరు వందల ఇరవై అయిదు.

"ఇరవై అయిదు ఇరవై అయిదులు," అంది. "సరిపోయిందక్కా. నీది కూడా సరిపోయింది."

అక్క ఆ కాగితం మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. ఒక్కొక్క లెక్క దగ్గరా వేలు ఆగింది. కూడికల్లో తప్పు లేదు, గుణకారాల్లో తప్పు లేదు, దారి తప్పలేదు. మొదట రాసుకున్న అంకెలు మాత్రం ఒక్కొక్కటి తక్కువ.

అమ్మ మిషను ముందు పీట మీద కూలబడింది.

"నేనే నేర్పాను కదే," అంది. "చదువులో పనికొస్తుందనుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లవి, ఎంత చకచకా తగ్గించేదానివో, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేదాన్ని." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తలకెక్కవని ఊరందరికీ చెప్పాను. నీ ముందే చెప్పాను. ఒక్కసారైనా ఆ పేపరు తీసి నాకు చూపించలేకపోయావా తల్లీ?"

అక్క అమ్మ వైపు చూసింది. కోపంగా చూసిందో, జాలిగా చూసిందో సగానికి అంతుపట్టలేదు. అలాంటి చూపు అక్క మొహంలో అది ఎప్పుడూ చూడలేదు.

"అక్కా," అంది సగం మెల్లగా. "నువ్వు కూడా వస్తే నేను మాస్టారి దగ్గరికి వెళతాను. ఒక్కదాన్నే వెళ్ళలేను." అలా అన్నాక దానికి సిగ్గేసింది. అక్క పోగొట్టుకున్న మూడేళ్ళు బల్ల మీద పరిచి ఉంటే, తనకి సోమవారం జాబితా తప్ప ఇంకోటి కనబడటం లేదు. "నీకు దుకాణానికి ఆలస్యమైతే వద్దులే," అంది.

గడియారం పది కొట్టింది.

అక్క తన కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది. సగం చేతిలోంచి బొమ్మల కాగితం తీసుకుని దానిలో పెట్టింది. గోడ అల్మరాలో కింది వరసలో ఉన్న పాత కొలతల పుస్తకం, తన చేతిరాత ఉన్నది, బయటికి లాగి దుమ్ము దులిపింది. బల్ల మీద ఉన్న కొత్త పుస్తకం దాని మీద పెట్టింది. తర్వాత అమ్మ ముందుకు వచ్చి నిలబడి, వంగి, ఆవిడ మెడలోంచి టేపు తీసింది. అమ్మ తల వంచి తియ్యనిచ్చింది.

కొస దగ్గర ఒకటి అంకెని అక్క బొటనవేలితో ఒకసారి తడిమింది. టేపుని వేళ్ళకి చుట్టి పుస్తకాల మీద పెట్టుకుంది.

జుట్టు ఇంకా తడిగానే ఉంది, జడ వేసుకోలేదు. దుకాణానికి వేసుకునే నీలం చొక్కా కొక్కేనికి వేలాడుతూనే ఉంది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంది. ఆ ఇంటి నుంచి ఎడమకి తిరిగితే చెప్పుల దుకాణం, కుడికి తిరిగితే బడి.

"అక్కా, ఆగు, నేనూ వస్తున్నా!" అని సగం తన చెప్పుల కోసం బల్ల కింద వెతికింది. ఒకటే దొరికింది. రెండోది ఎటు పోయిందో కనబడలేదు. అది తల ఎత్తేసరికి అక్క వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం దిగి కుడి వైపుకి వెళ్ళిపోయింది.